తొమ్మిదో షీటు

7, సోమవారం

అర్థశాస్త్రం కూడా నాకే అంటగట్టారు. హెడ్మాస్టరు మాటల్లో అయితే, "చరిత్ర చెప్పేవాళ్ళకి ఇదెంత పని మేడమ్, రాజుల బదులు రేట్లు చెప్పండి." సరే అన్నాను. ఎవరేమన్నా సరే అనడం నాకు అలవాటైపోయింది.

ఏడో తరగతికి మొదటి పాఠం కొరత. నలభై మంది ముందు ఏడు కొత్త పెన్సిళ్ళు పెట్టి, కావలసినవాళ్ళు తీసుకోండి అన్నాను. ఎవరూ కదల్లేదు. అందరి దగ్గరా పెన్సిళ్ళున్నాయి. "ఇక ఈ ఏడే, మళ్ళీ రావు" అన్నాను. అంతే, బెంచీలు కిందామీదా అయ్యాయి. ఒకడి చొక్కా బొత్తాం ఊడింది. గొడవ సద్దుమణిగాక చెప్పాను, వస్తువు లేకపోతేనే కొరత కాదు, లేకుండా పోతుందేమోనని అందరూ భయపడ్డా కొరతే వస్తుందని. లాస్టు బెంచీలో ఒకడున్నాడు, ప్రతిదానికీ వాదిస్తాడని వకీలు అని పేరు పెట్టాను. వాడు లేచి, "అయితే భయపడకపోతే ఏడు పెన్సిళ్ళు నలభై మందికి సరిపోతాయా టీచర్?" అన్నాడు. గంట కొట్టారు కాబట్టి బతికిపోయాను.

హోంవర్కు: ఒక్కొక్కరు ఒక్కో దుకాణానికి వెళ్ళి ఏదో ఒక వస్తువు ఎంత ఉంది, మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగి రావాలి. రోజూ గోడ మీద పట్టికలో రాయాలి.

ఇంటికొచ్చి తమ్ముడికి చెబితే, "ఆర్థికమంత్రిగారు బాగా అలిసిపోయినట్టున్నారు" అని టీ పెట్టిచ్చాడు. ముందుగదిలో వాడి రిపేరు షాపు. ఇవాళ మూడు మిక్సీలు, ఒక ఫ్యాను వచ్చాయట.

ఏడో తారీఖు కాబట్టి ఎప్పటిలాగే రాసుకుంటున్నాను. వాడికి ఫిట్స్ రాక నాలుగేళ్ళ మూడు నెలలు.

8, మంగళవారం

పట్టిక బ్రహ్మాండంగా మొదలైంది. సబ్బులు, మేకులు, నోటుపుస్తకాలు, టార్చి బ్యాటరీలు. వకీలు టీకొట్టుకు వెళ్ళి టీ ఎంతుందని అడిగితే కొట్టతను గరిటె చూపించాడట.

లెక్కల పిట్ట మందుల షాపుకు వెళ్ళింది. ఆ పిల్లకి ఆ పేరు తరగతి పెట్టింది. మెట్లు, కిటికీ ఊచలు, నేను క్లాసులో ఎన్నిసార్లు 'సరే' అంటానో కూడా లెక్కపెడుతుంది. వాళ్ళమ్మ మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర పనిచేస్తుంది. పిల్ల లేచి గడగడా చదివింది. "ఫిట్స్ మాత్రలు, టీచర్. మా అమ్మ వేసుకునేవి. నెలకోసారే వస్తాయి. ఇప్పుడు తొమ్మిది షీట్లున్నాయి. నాలుగిళ్ళవాళ్ళు వాడతారు. తర్వాత ఎప్పుడొస్తాయో కంపెనీవాళ్ళు చెప్పట్లేదంట."

ఆ నాలుగిళ్ళలో ఒకటి మాది. పట్టికలో ఆ వరస నేనే దగ్గరుండి రాయించాను. మిగతా వరసలు ఏం రాయించానో గుర్తులేదు.

9, బుధవారం

స్కూలు నుంచి వస్తూ మందుల షాపుకు వెళ్ళాను. షాపాయన లేడు. కౌంటర్లో ఆయన మామగారు కూర్చున్నాడు, చూపు సరిగా ఆనని పెద్దాయన. ముందుజాగ్రత్తకి ఒక రెండు షీట్లు తెచ్చాను. మన మందు మనం కొనుక్కోవడంలో తప్పేముంది.

తమ్ముడికి చెప్పలేదు. వాడి చేతికి ఎముక లేదు. ఎవరడిగినా ఇచ్చేస్తాడు.

10, గురువారం

పట్టికలో లెక్కల పిట్ట వరస: నిన్న 9, ఇవాళ 0.

"ఒక్కరోజులో ఎలా అయిపోతాయి టీచర్?" అంది. అమ్ముడైతే అయిపోతాయి అన్నాను. నాలుగిళ్ళవాళ్ళూ ఒకేరోజు కొనరు కదా అంది. నేను బోర్డు తుడిచాను. అది అప్పటికే తుడిచి ఉంది.

11, శుక్రవారం

వకీలు పట్టికకి కొత్త గడి కలిపాడు. 'ఎవరు కొన్నారు?' నన్ను అడక్కుండానే గీత కొట్టి, స్కేలుతో సరిచేసి, ఎర్ర పెన్నుతో రాశాడు. పిల్లలందరికీ హుషారొచ్చింది. సబ్బులు, మేకులు మూలన పడ్డాయి, అందరికీ ఆ ఒక్క వరసే కావాలి. లెక్కల పిట్ట పెద్దాయన్ని అడిగి వచ్చిందట. "ఎవరో ఆవిడంట టీచర్. మొహం సరిగా కనపడలేదంట. ఊరికెళ్తున్నాం, ముందే కావాలి అందంట. చీటీ మీ అల్లుడి దగ్గరే ఉంది అందంట."

"ఆవిడెవరో పట్టుకుందాం టీచర్" అన్నాడు వకీలు.

ఇది అర్థశాస్త్రం, పోలీసు స్టేషను కాదు అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుంటే దవడలు నొప్పి పెట్టాయి.

మొన్న తెచ్చిన నాలుగు షీట్లూ బీరువా మీద, పాత ప్రశ్నపత్రాల కట్ట వెనక ఉన్నాయి. అక్కడ వాడు వెతకడు. పరీక్షలంటే వాడికి చిన్నప్పటి నుంచీ పడదు.

12, శనివారం

మందుల షాపాయన దారిలో ఎదురుపడ్డాడు. పక్క సందులోకి తిరిగిపోదామనుకునేలోపే పలకరించాడు.

"మీ తమ్ముడికి ఈ నెలకి ఉన్నాయా టీచరుగారూ?"

"ఉన్నాయి. అంతంతే."

"నేను లేనప్పుడు మా మామగారు మొత్తం ఎవరికో ఇచ్చేశారండీ. బిల్లు కూడా రాయలేదు. పట్నంలో పది షాపులకి ఫోన్ చేశాను. నేను ఫోన్ చేసిన ప్రతివాడూ ఎందుకు అడుగుతున్నావని అడగడం, వాడి దగ్గరున్నవి వాడు పక్కన పెట్టేసుకోవడం. ఇప్పుడు పట్నంలోనూ దొరకట్లేదు. అడిగి నేనే చెడగొట్టానేమో."

మీరు కాదండీ అనబోయాను. నాలుక దాకా వచ్చింది. "అలాంటిదేం ఉండదులెండి" అన్నాను.

ఇదే కదా నేను పెన్సిళ్ళతో చూపించింది. పాఠం అంటే ఇది, ఇంత బాగా ఎవరికీ కుదరదు.

13, ఆదివారం

ఏమీ లేదు. బట్టలు ఉతికాను. బీరువా వైపు చూడలేదు.

14, సోమవారం

క్లాసు అయ్యాక లెక్కల పిట్ట ఆగిపోయింది. "మా అమ్మకి రేపటితో అయిపోతాయి టీచర్. బండి దగ్గరికి వెళ్ళొద్దంటే వినట్లేదు. వేడి ఇస్త్రీపెట్టె పట్టుకుని ఉండగా వస్తే ఎలా టీచర్?"

ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఊరుకోబెట్టడం నాకు తెలుసు. "దొరుకుతాయిలే అమ్మా" అన్నాను.

ఇంటికొచ్చి కుర్చీ వేసుకుని బీరువా మీద నుంచి కట్ట దించాను. ఇచ్చేద్దామనే దించాను. నాలుగేళ్ళ కిందట మెట్ల మీద నుంచి వాడు దొర్లిన చప్పుడు చెవుల్లోకి వచ్చింది. ఆ చప్పుడు నేను తప్ప ఎవరూ వినలేదు. పైకి ఎత్తలేక, వదల్లేక, మెట్ల మీదే వాడి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను ఆ రోజు. చెవి వెనక మచ్చ ఇంకా ఉంది. కట్ట మళ్ళీ పైన పెట్టేశాను.

15, మంగళవారం

తొమ్మిది. రెండూ కాదు, నాలుగూ కాదు. ఉన్న తొమ్మిదీ తెచ్చేశాను. ఇంకెవరూ చదవని పుస్తకంలో ఆ అంకె రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది. నాకు నేనంటేనే భయంగా ఉంది.

16, బుధవారం

హమ్మయ్య. లెక్కల పిట్ట మొహం వెలిగిపోతూ వచ్చింది. "దొరికాయి టీచర్. ఒకాయన ఇస్తున్నాడు. పేరు చెప్పొద్దన్నాడు. సగం సగమే, కానీ రోజూ ఇస్తానన్నాడు."

లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారు. మనం ఊరికే కంగారు పడతాం. ఆ పిల్లకి ఏర్పాటు అయిపోయింది కాబట్టి మా దగ్గరున్నవి కదపక్కర్లేదు. ఇవాళ కడుపునిండా తిన్నాను. తమ్ముడు మాత్రం సగం తిని లేచాడు.

17, గురువారం

హెడ్మాస్టరు చేసిన పని ఇది. పట్టిక చూసి ముచ్చటపడి, "ఒక వ్యాపారిని పిలిచి పిల్లలతో మాట్లాడిద్దాం మేడమ్" అని మందుల షాపాయనకి కబురు పంపాడు. ఆయనకి తీరిక లేదట. మామగారిని పంపించాడు.

పెద్దాయన కర్ర తాటించుకుంటూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. చూపు ఆనదు గానీ, "ఒకసారి గొంతు వింటే పదేళ్ళకైనా పట్టేస్తాను" అని పిల్లలతో చెప్పడం మొదటి మాట.

గంటసేపు నేను నోరు విప్పలేదు. గొంతు మీద చెయ్యి పెట్టి చూపించి, బోర్డు మీద 'గొంతు పట్టేసింది' అని రాశాను. ప్రశ్నలన్నీ బోర్డు మీదే రాశాను. పిల్లలకి ఇదో ఆట. నేను రాయడం, నలభై మందీ ఒకేసారి గావుకేకలు పెట్టి చదవడం. 'సరుకు ఎలా తెప్పిస్తారు?' 'ధర ఎవరు నిర్ణయిస్తారు?' పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు. చివర్లో వకీలు నా బోర్డుతో పనిలేకుండా లేచాడు.

"తాతా, ఆ తొమ్మిది షీట్లూ కొన్నావిడ మళ్ళీ వస్తే పట్టిస్తావా?"

పెద్దాయన కాసేపు కర్ర పిడి నిమిరాడు. "పట్టించడానికి ఆవిడేం దొంగతనం చేయలేదు కదయ్యా. నేనిచ్చాను, ఆవిడ తీసుకుంది. ఆ రోజు ఆవిడ గొంతు వణుకుతోంది. ఊరికెళ్ళేవాళ్ళ గొంతు అలా ఉండదు. నేనే ఒకమాట అడగాల్సింది."

వెళ్ళేటప్పుడు నా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. నేను బోర్డు మీద 'ధన్యవాదాలు' అని రాశాను. "ఏం రాశారమ్మా, నాకు కనపడదు" అన్నాడు. పిల్లలు అరిచి చెప్పారు.

18, శుక్రవారం

నిన్న దొంగ గొంతునొప్పి, ఇవాళ నిజంగానే పట్టేసింది.

పొద్దున తమ్ముడు స్క్రూ డ్రైవరు చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. రెండుసార్లు పిలిస్తే గానీ పలకలేదు. "నిద్ర చాల్లేదక్కా" అన్నాడు. వాడు బయటికెళ్ళాక మాత్రల డబ్బా తెరిచి లెక్కపెట్టాను. రోజుకి రెండు చొప్పున సరిగ్గా తరిగాయి. వేళ తప్పకుండా వేసుకుంటున్నాడు. నేనే అనుమానపు పిశాచిని.

19, శనివారం

మళ్ళీ లెక్కపెట్టాను. సరిగ్గానే ఉన్నాయి.

20, ఆదివారం

సరిగ్గానే ఉన్నాయి.

21, సోమవారం

వాడికి మళ్ళీ వచ్చింది.

22, మంగళవారం

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఇవాళ రాయకపోతే రేపు మార్చి రాస్తాను, నా సంగతి నాకు తెలుసు.

రెండో పీరియడ్‌లో అటెండరు పరుగున వచ్చాడు. నేను వెళ్ళేసరికి ముందుగది నిండా కాలిన ప్లాస్టిక్ వాసన. తమ్ముడు పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. తల కింద మడిచిన స్కూలు బ్యాగు. పక్కన లెక్కల పిట్ట గోడ గడియారం చూస్తూ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. వాడు వైర్లకి అతుకులు పెట్టే వేడి ఇనపకడ్డీ ప్లగ్గు తీసి, దూరంగా మూలకి నెట్టి ఉంది. కడ్డీ పడ్డచోట నేల మీద నల్లటి మచ్చ. వాడి చెయ్యి అక్కడికి జానెడు దూరంలో ఉంది.

"మూడు నిమిషాల పది సెకన్లు టీచర్" అంది నన్ను చూడగానే. "పక్కకి తిప్పాను. నోట్లో ఏమీ పెట్టలేదు. మా అమ్మకి ఇలాగే చేస్తాను."

ఆ పిల్ల స్కూలు మానేసి మా ఇంట్లో ఎందుకుందని అప్పుడు తోచింది. దాని గుప్పిట్లో చిన్న కాగితం పొట్లం ఉంది. విప్పితే రెండు మాత్రల సగాలు.

ఆసుపత్రిలో డాక్టరు వాణ్ణి అడిగింది, "మాత్రలు మానేశావా?"

"మానలేదు డాక్టర్. దొరకట్లేదు కదా. ఇస్త్రీ బండి అక్కకి అసలే లేవు. అందుకని పొద్దున సగం, సాయంత్రం సగం వేసుకుని మిగతా సగాలు ఆవిడకిస్తున్నా. మళ్ళీ సరుకు వచ్చేదాకా ఇద్దరం నెట్టుకొద్దామని." నా వైపు చూసి మెల్లగా అన్నాడు, "నీకు చెబితే హడలిపోతావని చెప్పలేదక్కా."

డబ్బాలో లెక్క సరిపోయిందెందుకో అప్పుడర్థమైంది. మూడు రోజులు లెక్కపెట్టాను. వాడి మొహం మాత్రం ఒక్కరోజు కూడా సరిగా చూడలేదు.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక కుర్చీ వేసుకుని ఎక్కాను. కట్ట దించి తొమ్మిది షీట్లూ వాడి మంచం మీద పెట్టాను. వాడు వాటిని చూశాడు, నన్ను చూశాడు. ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి తారీఖు చదివాడు.

"ఎప్పటి నుంచి ఉన్నాయి?"

"తొమ్మిదో తారీఖు నుంచి."

"అయితే నేను ఊరికే సగం సగం మింగానన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు గానీ రాలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడికి తిట్టడం రాదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తోంది.

వాడు పోతాడేమోనన్న భయంతోనే దాచాను. దాచబట్టే వాడు పోబోయాడు. రాసి చూసుకుంటే రెండు చిన్న వాక్యాలు.

23, బుధవారం

స్కూలుకు ముందు ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్ళి నాలుగు షీట్లు ఇచ్చాను. అంతా చెప్పాను. ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టి, షీట్లు కొంగులో ముడేసుకుంది. "మీ తమ్ముడికెలా ఉంది?" అంది. మళ్ళీ చొక్కా మీదికి వంగింది.

అక్కణ్ణుంచి మందుల షాపు. మిగతా రెండిళ్ళవాళ్ళ కోసం మూడు షీట్లు. కౌంటర్లో పెద్దాయనే ఉన్నాడు. "ఇవి తిరిగివ్వడానికి వచ్చానండీ" అన్నాను. ఆయన షీట్లు వేళ్ళతో తడిమి చూసుకుని పక్కన పెట్టాడు.

"గొంతు బాగైందా అమ్మా?" అన్నాడు.

ఆ రోజు నోరు విప్పకపోయినా నా దగ్గునో, అడుగునో, దేన్నో పట్టేశాడు. బాగైందండీ అన్నాను.

క్లాసులో ఎవరూ ఏమీ అడక్కముందే పట్టిక దగ్గరికి వెళ్ళాను. 'ఎవరు కొన్నారు?' గడిలో 'టీచరు' అని రాశాను. అక్షరాలు వంకరపోయాయి. వెనక్కి తిరిగాక నలభై మొహాలు. ఎలా జరిగిందో, ఎందుకు చేశానో, ఏమైందో చెప్పాను. పెన్సిళ్ళ పాఠం మీకంటే ముందు నేను నేర్చుకోవాల్సింది అన్నాను. వకీలు లేచాడు, ఈసారి వాదించడానికి కాదు.

"అయితే కొరత అంటే మీరేనా టీచర్?"

అవును అన్నాను. వాడు కూర్చున్నాడు. రేపు తల్లిదండ్రులు ఏమంటారో, హెడ్మాస్టరు ఏమంటాడో తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయంగానే ఉంది, కానీ ఆ భయానికి పేరుంది కాబట్టి ఎలాగో పడతాను.

గంట కొట్టాక లెక్కల పిట్ట నా బల్ల దగ్గరికి వచ్చింది. అందరూ వెళ్ళేదాకా ఆగింది.

"టీచర్, మా అమ్మకి నాలుగు. షాపుకి మూడు. మీ తమ్ముడి డబ్బాలో ఒకటి వేశారని మీరే అన్నారు. ఎనిమిదే అయ్యాయి."

"ఇంకోటి ఇంట్లో ఉందమ్మా."

అది అప్పుడు నా భుజాన బ్యాగులో, లోపలి అరలో, జిప్పు వేసి ఉంది. ఆ పిల్ల బ్యాగు వైపు చూడలేదు. పట్టిక దగ్గరికి వెళ్ళి చివర్న చిన్న అక్షరాలతో '1, టీచరు దగ్గర' అని రాసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు బ్యాగులోంచి తీశాను. వాడి డబ్బా ఎదురుగా అరలోనే ఉంది, లేచి నాలుగడుగులు వేస్తే చాలు. వాడు ముందుగదిలో ఎవరిదో ఫ్యాను బిగిస్తున్నాడు. వద్దన్నా వినలేదు. స్క్రూ తిరిగే చప్పుడు వినిపిస్తోంది. ఇప్పుడు ఆగింది. వస్తున్నట్టున్నాడు.

షీటు ఈ పుస్తకం కింద పెట్టాను. తెరిచి ఉన్నంతసేపూ కనపడదు, మూస్తే అంచు బయటికొస్తుంది. వాడు గుమ్మంలో నిలబడి, "ఇంకా ఎంతసేపు రాస్తావక్కా, భోంచేద్దాం రా" అంటున్నాడు. ఒక్క నిమిషం అన్నాను. రాయడానికి ఇంకేమీ లేదు. అయినా రాస్తూనే ఉన్నాను.